మోడుపై మొలచు పసుపు తెడ్లు

తొలకరి వానలకు వెలికివచ్చు ప్రాణులలో మన తెలుగువారు పేరు పెట్టక విడిచినవి కొద్ది. ఎఱ్ఱని మకమలుగుడ్డ కత్తిరించి చేసినట్లుండు పురుగు నేలపై ప్రాకినంతనే ఆరుద్ర పురుగనెదము. ఆ పేరులోనే అది వచ్చు కార్తెయు నున్నది. పుట్టమీద లేచు గొడుగునకు పుట్టగొడుగని పేరు. దానిలో తినదగినదేదియో తినరానిదేదియో చెప్పగల పెద్దలు పల్లెపల్లెను ఉందురు. పేడదిబ్బపై తెల్లవాఱుజామున లేచి మధ్యాహ్నమునకు నల్లని సిరావలె కరగిపోవు దానిని కుక్కగొడుగని త్రోసివేయుదుము. కాని అదే వానలకు, అదే వారములలో, చచ్చిన మామిడిమోడు మీదను, పెరటిలో పడియున్న పాతదూలము మీదను, పసుపుపచ్చగా, వ్రేలిగోరంత యెత్తున, జిగటగా మొలచు వస్తు వొకటి కలదు. నేను విన్నంతలో దానికి తెలుగున పేరు లేదు. అడిగినచో "ఏదో బూజు" అనియో, "కఱ్ఱకు పట్టిన బంక" అనియో జవాబు వచ్చును. ఈ పూట నేను ముచ్చటింపబోవునది దానిని గుఱించియే.

నేను దానిని చూచినది అన్నోజిగూడలో. హైదరాబాదునకు తూర్పుగా, ఉప్పలు దాటి వరంగల్లునకు పోవు మార్గమున, ఘటకేసరు చేరకముందే ఆ యూరు తగులును. ఎఱ్ఱనేల, గండశిలలు, తాటిచెట్లు, సీతాఫలపు పొదలు గల మెట్టప్రదేశము. ప్రక్కనే పోచారములో కంప్యూటరు కంపెనీవారి పెద్ద ఆవరణము వచ్చిన పిమ్మట, తోటలున్నచోట ఇండ్లస్థలముల హద్దురాళ్లు లేచినవి. ఇక్కడ సంవత్సరమునకు పడు వాన చాలవఱకు నాలుగు నెలలలోనే పడిపోవును. తక్కిన కాలమంతయు నేల ఎండుచునే యుండును. ఇట్టి మెట్టనేలపై, నీటిబొట్టు గడ్డకట్టినట్లు మెఱయుచుండు మెత్తని ప్రాణి ఎట్లు బ్రదుకగలుగుచున్నది? దానిని చూచిన వానికి తోచు మొదటి ప్రశ్న ఇదియే.

ముందుగా దాని రూపు చెప్పెదను. ఎండిన కఱ్ఱలో ఒక పగులు ఉండును. ఆ పగులు వెంబడి వరుసగా, గుంపులుగా, పసుపునుండి నారింజవన్నె వఱకు గల చిన్నచిన్న తెడ్లు లేచి నిలుచును. ఒక్కొక్కటి సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు. అరుదుగా రెండు దాటును. క్రింద సన్నని కాడ. పైన కొంచెము వెడల్పై, బల్లపరుపై, అంచున ఒక్కొక్కప్పుడు చీలియుండును. కాడ అడుగున కొంచెము ముదురురంగు, సన్నని నూగు కనబడును. వ్రేలితో తాకినచో మెత్తగానుండును గాని చిదిగిపోదు. రబ్బరువలె వంగి మరల నిలుచును. అన్నము కలుపు తెడ్డును గాని, పడవ నడపు తెడ్డును గాని ఎఱిగినవారికి ఈ రూపము మఱువ శక్యము కాదు.

చిత్రమేమనగా, శాస్త్రజ్ఞులును దీనికి అదే పోలికను పట్టుకొని పేరు పెట్టినారు. 1822లో అమెరికాలోని కరోలీనా ప్రాంతపు శిలీంధ్రములను వర్ణించుచు, ష్వైనిట్సు అను క్రైస్తవ మతబోధకుడు దీనికి "స్పాతులేరియా" అని అర్థము వచ్చు పేరు నొసగెను. లాటిను భాషలో ఆ మాటకు చిన్న తెడ్డు వంటిదని భావము. తరువాత 1828లో స్వీడను దేశపు ఫ్రీసు పండితుడు దీనిని వేఱొక ప్రజాతిలోనికి మార్చెను. 1948లో అమెరికా శిలీంధ్రశాస్త్రజ్ఞుడు మార్టిను డాక్రియోపినాక్సు అను కొత్త ప్రజాతి నేర్పఱచి దీనిని అందు చేర్చెను. అప్పటినుండి దీని నిండుపేరు డాక్రియోపినాక్సు స్పాతులేరియా. గ్రీకున డాక్రియోను అనగా కన్నీటిబొట్టు, పినాక్సు అనగా పలక. కన్నీటిపలక! వాన వెలసిన వెంటనే దీనిని చూచినవారికి ఆ పేరు అతిశయోక్తిగా తోచదు. అయినను ఇంత పొడుగు పేరు మన పెరటిలో నిలువదు. నేను ఈ ప్రసంగము మట్టుకు దీనిని పసుపుతెడ్డు అని వ్యవహరించెదను. ఇంతకంటె మంచి పేరు శ్రోతలలో ఎవరి యింటనైన వాడుకలో నున్నచో అదియే నిలుచుగాక.

ఇక ప్రశ్నకు వత్తము. మనము చూచు తెడ్డు ఆ ప్రాణి యొక్క శరీరము కాదు. మామిడిచెట్టున కాయ యెట్టిదో, దీనికి తెడ్డు అట్టిది. అసలు శరీరము కఱ్ఱలోపల నున్నది. కంటి కానరాని సన్నని పోగులు కఱ్ఱ యొక్క కణములలో దూరి, ప్రాకి, నెలల తరబడి, ఏండ్ల తరబడి అక్కడనే యుండును. వేసవిలో అవి నిద్రించును. మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు కఱ్ఱ నానగానే మేల్కొని, పగులు దారిని బయటికి తెడ్లను పంపును. తెడ్డు పని బీజరేణువులను గాలిలోనికి విడుచుట యొక్కటే. సామాన్యమైన పుట్టగొడుగు ఈ పనిని ఒకటి రెండు దినములలో ముగించి కుళ్లిపోవును. మెట్టసీమలో వాన రెండు దినములు కురిసి వారము దినములు ఎగవేయుట సహజము గదా. అట్టి చోట రెండు దినముల గొడుగునకు కష్టము. పసుపుతెడ్డు వేఱొక ఉపాయము పన్నినది.

దాని పోగుల చుట్టును జిగురువంటి పదార్థము దట్టముగా నుండును. అది నీటిని పీల్చి ఉబ్బును. ఎండ తగిలిన నీటిని విడిచి ముడుచుకొనును. ఎండిన తెడ్డు ఎఱ్ఱని లక్కముక్కవలె, గోటితో గీకినను ఊడనంత గట్టిగా, కఱ్ఱనంటి పడియుండును. తెలియనివాడు దానిని చచ్చినదనుకొనును. మరల వాన పడినంతనే అది నీరు త్రాగి మునుపటి పసుపు మెఱుపుతో లేచి, విడిచిన పనిని మరల పట్టును. ఎవరైనను ఇంట చేసి చూడదగిన పరీక్ష ఇది: ఎండిన తెడ్లు గల పుల్లను తెచ్చి పళ్లెములో నీరు పోసి అందుంచుడు. కొన్ని గంటలలో లక్కముక్కలు తెడ్లగును. పిల్లలకు చూపదగినది.

రంగు విషయము కూడ చెప్పవలెను. ఆ పసుపు కెరోటినాయిడులనెడి వర్ణద్రవ్యములది. క్యారటు దుంపకు రంగునిచ్చునవియు ఆ తెగవే. దీనిని ప్రయోగశాలలో వెలుతురున పెంచినచో రంగు హెచ్చుననియు, చీకటిలో పెంచినచో తగ్గుననియు కనుగొనిరి. కనుక ఈ రంగు ఎండదెబ్బకు తగిన గొడుగని ఊహించుట తప్పు కాదు. ఆకులేని మోడుపై నిలిచి ఎండను భరింపవలసిన దానికి అట్టి రక్షణ వలసియే యుండును.

జిగట శిలీంధ్రములన్నియు ఒకే కుటుంబము వనుకొనరాదు. చచ్చిన కొమ్మలపై గోధుమవన్నెలో, మనుష్యుని చెవివలె వ్రేలాడు చెవిగొడుగును కొందఱు చూచియుందురు. చీనావారు వంటలలో విరివిగా వాడునది అదియే. వెండివలె తెల్లగా, పూవువలె విచ్చియుండు ట్రెమెల్లా యను మఱియొకటి కలదు. అది కఱ్ఱను తినదు, కఱ్ఱను తినుచున్న వేఱొక శిలీంధ్రముపై పడి బ్రదుకును! దొంగసొమ్ము దోచు దొర వంటిది. ఈ మూటికిని పైజిగట ఒక్కటియే గాని వంశములు వేఱు. సూక్ష్మదర్శినిలో చూచినచో గుట్టు బయటపడును. బీజరేణువులను మోయు చిన్న కణము చెవిగొడుగులో అడ్డుగోడలతో గదులుగదులుగా నుండును. ట్రెమెల్లాలో ఆ గోడలు నిలువున కూడలివలె కలియును. పసుపుతెడ్డులో గోడలే లేవు. ఆ కణము పంగలకఱ్ఱవలె రెండుగా చీలి, ఒక్కొక్క కొమ్మ చివర ఒక్కొక్క రేణువును నిలుపును. సామాన్యపు పుట్టగొడుగులో ఆ కణము చాలవఱకు నాలుగు రేణువులను మోయును. ఈ రేణువు దాదాపు మిల్లీమీటరులో నూఱవ వంతు పొడవు. ఊయలవలె కొంచెము వంగి, ముదిరిన పిమ్మట నడుమ గోడ కట్టుకొనును. ఆ పంగలకఱ్ఱను ఒకమాఱు చూచినవాడు ఈ కుటుంబమును మఱియే దానితోను పొరబడడు.

ఇంతవఱకు అందము చెప్పితిని. ఇప్పుడు దాని తిండి సంగతి. ఇది మనకు కొంచెము దగ్గఱి విషయము.

కఱ్ఱలో ముఖ్యముగా రెండు వస్తువులున్నవి. ఒకటి సెల్యులోజు, అది దారపు పోగువంటిది, కఱ్ఱకు లాగుబలము నిచ్చునది. రెండవది లిగ్నిను; అది ఆ పోగులను పట్టియుంచు సున్నమువంటిది, గోధుమరంగుగలది, జీర్ణము చేసికొనుటకు మిక్కిలి కష్టమైనది. కఱ్ఱను తిను శిలీంధ్రములలో కొన్ని ఈ లిగ్నినును గూడ కరగించును. అప్పుడు కఱ్ఱ తెల్లబడి పీచుపీచుగా నగును. చెవిగొడుగు చేయునది ఆ పని. మఱికొన్ని లిగ్నినును చాలవఱకు విడిచి సెల్యులోజును మాత్రమే లాగికొనును. మిగిలినది గోధుమవన్నె పిండి. అట్టి కఱ్ఱ అడ్డముగను నిలువుగను పగిలి, బెల్లపు అచ్చుముక్కలవలె చదరములుగా విడిపోవును; వ్రేళ్ల నడుమ నలిపిన పొడియగును. పసుపుతెడ్డు కుటుంబము సామాన్యముగా ఈ గోధుమకుళ్లును కలిగించునదే. ఇట్టి కుళ్లులో మోసమొకటి కలదు. పోగు మొదటనే తెగును గనుక, కఱ్ఱ బరువు ఏమంత తగ్గకమునుపే దాని బలము చాలవఱకు పోవును. చూచుటకు దూలము దూలముగానే యుండును.

ఈ భేదము ఎంత పాతదో 2012లో వెలువడిన పరిశోధన యొకటి తెలిపినది. అందు 31 శిలీంధ్రముల జన్యుపదార్థమును పోల్చి చూచిరి. ఆ 31లో పసుపుతెడ్డు ప్రజాతికి చెందిన జాతి యొకటి యున్నది. లిగ్నినును తెగగొట్టు ముఖ్యమైన ఎంజైములు ఇప్పటికి సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట పుట్టినవనియు, పసుపుతెడ్డు వంశము దానికి మునుపే వేఱుపడిన పాతశాఖ యనియు వారు తేల్చిరి. ఆ ఎంజైములు పుట్టినందుననే చచ్చిన చెట్లు బొగ్గుగా మాఱుట తగ్గిపోయినదని కూడ కొందఱు ఊహించిరి. ఊహ అందముగా నున్నది గాని నాకు నమ్మకము లేదు. మన సింగరేణి బొగ్గు పెర్మియను యుగమునాటిది, అనగా ఆ లెక్క ప్రకారము ఆ యెంజైములు పుట్టిన తరువాతిది. వానిని లక్ష్యపెట్టకయే అంత బొగ్గు ఏర్పడినది గదా. 2016లో వేఱు పండితులును ఆ యూహను గట్టిగా ఖండించి, బొగ్గు ఏర్పడుటకు నేల క్రుంగుటయు వాతావరణమును ముఖ్యకారణములని చెప్పిరి.

ఇంటికి వత్తము. ఈ శిలీంధ్రము బ్రదికియున్న చెట్టును చంపునది కాదు. చచ్చిన కఱ్ఱను తినునది. పెరటిచెట్టున ఎండుకొమ్మపై ఇది కనబడినంత మాత్రమున చెట్టును కొట్టివేయ బనిలేదు. కాని దీనికి అడవిమోడని, వడ్రంగి చేసిన చెక్క యని భేదము లేదు. సూదిఆకుల వృక్షముల కఱ్ఱనైనను, వెడల్పాకుల వృక్షముల కఱ్ఱనైనను తినును. నాచారపు పారిశ్రామికవాడలో ఒకచోట వానలో విడిచిన సామానుపెట్టెల దేవదారు చెక్కలపై దీనిని చూచితిని. మేకు కొట్టిన చోట, నీరు నిలుచు సందులో, ముందుగా మొలచియుండెను. బల్లలు, కంచెలు, కటకటాలు, కిటికీల అడుగుచట్టములు దీనికి తఱచైన స్థలములు. వానిపై పసుపుతెడ్డు కనబడినదనగా అర్థము ఒక్కటి: లోపల కుళ్లు చాలకాలము క్రిందటనే ఆరంభమైనది, నీరు ఎక్కడినుండియో లోనికి దిగుచున్నది.

అప్పుడు తెడ్లను గీకివేసి రంగు పూసిన లాభము లేదు. అది మామిడికాయలు కోసి చెట్టు లేదనుకొనుట వంటిది. మొదట నీటిదారిని కనుగొనవలెను. కారు గొట్టమో, పగిలిన పెంకో, స్నానపుగది గోడనుండి ఊఱు చెమ్మయో ఉండకపోదు. తరువాత సన్నని ఉలితో పొడిచి చూడవలెను. గట్టికఱ్ఱ ఉలిని నిలుపును. కుళ్లినకఱ్ఱ లోనికి రానిచ్చును. మెత్తబడినంత మేరయు, దానికి మించి కొంతయు కోసివేసి కొత్తముక్క అతుకవలెను. నూటికి 20 పాళ్లకు తక్కువ తేమ గల కఱ్ఱను శిలీంధ్రములు తినజాలవు. కఱ్ఱ ఎండియున్నంత కాలము మందు పూసినను పూయకున్నను భయము లేదు. తడిసియున్నంత కాలము ఏ రంగును కాపాడదు. టేకు చేవ చాలకాలము నిలుచును. మామిడిచెక్క చవుకయే గాని త్వరగా లొంగును.

మన పాతయిండ్లలో చెక్కస్తంభమును నేలపై నిలువక రాతిదిమ్మెపై నిలిపెడివారు. గుండు రాళ్లకు కొదువలేని ఈ సీమలో అది ఖర్చులేని పని. నేలచెమ్మ కఱ్ఱ కెక్కకుండ చేయుటయే దాని ప్రయోజనము. ఇప్పుడు ద్వారబంధమును సిమెంటునేలలో పాతి, చుట్టును గచ్చు చేసి, దినదినము నీళ్లతో కడుగుచున్నాము. గడప అడుగున ఏమి జరుగుచున్నదో చూచుటకు చోటే ఉంచుకొనలేదు.

ఇది తినదగినదా యని కొందఱడుగుదురు. చీనాదేశములో తిందురు. పారిజాతమువలె పరిమళించు ఒక చిన్న పసుపుపూవు పేర దీనిని ఆ పూవుచెవి యని పిలిచి శాకాహారపు వంటలలో వేయుట కలదు. రుచి చప్పన, పంటికింద మెత్తగా కదలుటయే దాని సొంపట. నేను తినలేదు, తినుమని చెప్పను. రంగు వేసిన చెక్కపైనను, మందు పూసిన చెక్కపైనను మొలచునది అచ్చటి విషములను పీల్చికొనియుండవచ్చును. మఱియు రేడియోలో విన్న వర్ణన పట్టుకొని గొడుగులు ఏఱికొనుట ఎన్నటికిని తగదు. పుట్టగొడుగులను తరతరములుగా ఎఱిగినవారు గూడ ఒక్కొక్కయేడు పొరబడి ప్రాణము మీదికి తెచ్చుకొనుచున్నారు.

అయినను శ్రోతలలో కొందఱు తెలియకయే దీని సారమును త్రాగుదురేమో! ఈ శిలీంధ్రమును తొట్లలో చక్కెరద్రవముపై పెంచి, అది ఊఱించు గ్లైకోలిపిడులనెడి పదార్థములను వేఱుపఱచు పద్ధతి యొకటి ఏర్పడినది. చక్కెరయు క్రొవ్వును కలిసి ముడివడినట్టి పదార్థములవి. వానిని మిక్కిలి కొద్దిగా కలిపినను పండ్లరసములలోను చల్లని పానీయములలోను బూజులు, పులియజేయు సూక్ష్మజీవులు పెరుగవు. ఐరోపా సమాజము 2022లో దీనిని పానీయములను నిలువచేయు ద్రవ్యముగా అనుమతించి, ఇ 246 అను సంఖ్య నిచ్చినది. కఱ్ఱను కుళ్లజేయునది రసమును కుళ్లకుండ కాపాడుచున్నది. ఇందు విరోధ మేమియు లేదు. మోడులో తనకు పోటీవచ్చు ఇతర బూజులను తఱుముటకు దీనికి ఇట్టి ఆయుధము ఉపకరించుచుండవచ్చును. మనము ఆ ఆయుధమును సీసాలోనికి తెచ్చుకొంటిమి.

ఒక్క మోడుపై మొలచు గోరంత వస్తువులో ఇంత సంగతి యున్నప్పుడు, చూడనివి ఎన్ని యుండవలెను! ప్రపంచమున ఇప్పటికి పేరు పొందిన శిలీంధ్రములు లక్షన్నర ప్రాంతము. ఉన్నవి 22 లక్షలనుండి 38 లక్షల వఱకు ఉండునని 2017లో ఒక లెక్క వేసిరి. మన దేశమున నమోదైనవి 27,000 పైచిలుకని 2005లో ప్రకటితమైన సమీక్ష చెప్పినది. దానిని వ్రాసినవారిలో ముఖ్యులు ఉస్మానియా విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యులు మనోహరాచారిగారు. ఆ విశ్వవిద్యాలయమునకును అన్నోజిగూడకును నడుమనున్నది ఒక్క ఉప్పలు మార్గమే. కాని ఆ మార్గపు రెండు ప్రక్కలను ఇప్పుడు మోడు నిలుచుట కష్టమైనది. స్థలము చదును చేయు యంత్రము మొదట తొలగించునది మోడునే. పడిన కొమ్మను తోటమాలి ఆ సాయంకాలమే కాల్చివేయును. పచ్చనిచెట్టును కొట్టినచో అడ్డుపడువారు గలరు. చచ్చినచెట్టుకు పక్షము వహించువా రెవ్వరును లేరు. దానిని ఆశ్రయించుకొని యున్న పురుగులకు, ఆ పురుగులను తిను వడ్రంగిపిట్టకు, ఈ పసుపుతెడ్డుకు అదియే ఇల్లు. ఇంటి కఱ్ఱను ఎండగట్టుడని చెప్పిన నోటితోనే, పెరటిమూల ఒక దుంగను, గోడకు దూరముగా, నీడపట్టున, తడియగా విడువుడని అడుగుచున్నాను. అందు చెదలు పట్టునని భయపడువారు దానిని రాళ్లపై నెత్తి పెట్టవచ్చును.

చూడగోరువారు ఆరుద్ర మొదలు ఆశ్లేష వఱకు, మంచివాన వెలసిన మఱునాటి ఉదయము వెళ్లవలెను. బెరడు ఊడి, నెరసి, పొడుగున పగిలిన కఱ్ఱను వెదకవలెను. బెరడు నిండుగా నున్న దానిలో దొరకుట అరుదు. తెడ్డు ఎత్తెంతయో, ఏ చెట్టు కఱ్ఱయో, ఆ చెట్టు చచ్చి ఎన్నియేండ్లయినదో, ఆ తేదీయు ఊరును ఒక కాగితముపై వ్రాసికొని, రెండు తెడ్లను పుల్లతోసహా కోసి నీడలో ఎండబెట్టి ఆ కాగితములోనే మడిచి యుంచవలెను. అవి ఎండినను చెడవు. సమీపమున కళాశాల యున్నచో వృక్షశాస్త్రము చెప్పువారికి ఆ పొట్లము నిచ్చిన, సూక్ష్మదర్శినిలో ఆ పంగలకఱ్ఱను వారు చూపగలరు.